గ్రేడు రాని పప్పు గింజలు – పంది పిల్లల దాణా

వానాకాలం పెసర కోతకొచ్చేది ఆగస్టు ఆఖర్లో, సెప్టెంబరు మొదట్లో. సరిగ్గా ఆ రోజుల్లోనే ముసురు పడుతుంది. నాలుగు రోజులు తెరిపి లేకుండా కురిస్తే కాయ చెట్టు మీదే నానుతుంది. గింజ రంగు మారుతుంది, కొంత మొలకెత్తుతుంది. మినుముదీ అదే పరిస్థితి. కందికి వాన గండం తప్పినా కాయతొలిచే పురుగు గండం తప్పదు. రేగొండ నుంచి పరకాలకో, వరంగల్ ఏనుమాములకో బస్తాలు తీసుకెళ్ళిన రైతుకు ఏమవుతుందో మనకు తెలుసు. నాణ్యత ప్రమాణాలకు సరిపోలేదంటే కొనుగోలు కేంద్రంలో మద్దతు ధర రాదు. బయట వ్యాపారి అడిగినంతకు ఇచ్చి రావాలి, లేదంటే మళ్ళీ కిరాయి పెట్టుకుని ఇంటికి తెచ్చుకోవాలి. తెచ్చిన బస్తా మూలన పడి పుచ్చిపోతుంది.

అదే ఊరి చివర నాలుగైదు తల్లి పందులను సాకుతున్న కుటుంబానిది ఇంకో బాధ. పిల్లలు తల్లి పాలు తాగినన్నాళ్ళు బాగానే పెరుగుతాయి. పాలు మాన్పించగానే ఎదుగుదల ఆగిపోతుంది. పెట్టడానికి తవుడు, నూకలు, హోటళ్ళలో మిగిలిన తిండి తప్ప ఇంకేమీ ఉండదు. ఎదిగే పిల్లకు కావలసినన్ని మాంసకృత్తులు వాటిలో లేవు. సోయా చెక్క కొందామంటే దాని ధర చేతికందదు. 2021లో సోయా చెక్క ధర ఎంత పెరిగిందో కోళ్ళ రైతులు మరిచిపోలేదు. ఆ ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్కను దిగుమతి చేసుకోవడానికి అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. పెద్ద కోళ్ళ కంపెనీలకే ఊపిరి సలపని చోట నాలుగు పందుల ఇంటి గోడు ఎవరు వింటారు?

ఈ రెండు ఇళ్ళ మధ్య దూరం ఒక ఫర్లాంగు. ఒక ఇంట్లో మార్కెట్ వద్దన్న పప్పు గింజలున్నాయి, రెండో ఇంట్లో మాంసకృత్తులు అందక గిడసబారిన పంది పిల్లలున్నాయి. ఒకరిది ఇంకొకరికి అందితే ఇద్దరికీ ఎంతో కొంత మిగులుతుందని మా అభిప్రాయం. అయితే దీనికి లెక్క ఉంది, జాగ్రత్తలున్నాయి, ప్రభుత్వం చేయాల్సిన పనీ ఉంది. ఆ మూడూ ఈ సంపాదకీయంలో చెప్పదలచుకున్నాం.

మంచి గింజ మనిషికే

ముందుగా ఒక సందేహం తీర్చాలి. మనుషులకే పప్పు చాలక దేశం దిగుమతి చేసుకుంటుంటే పందులకు పప్పు పెట్టమంటారా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మంచి పప్పు పందులకు పెట్టమని మేం చెప్పడం లేదు. పెట్టినా గిట్టదు.

లెక్క చూడండి. 2025–26కు కంది మద్దతు ధర క్వింటాకు 8,000 రూపాయలు, మినుముకు 7,800, పెసరకు 8,768. కందిలో మాంసకృత్తులు సుమారు 22 శాతం. కిలో 80 రూపాయల చొప్పున కందులు దాణాలో వేస్తే కిలో మాంసకృత్తులకు 360 రూపాయలు పైబడుతుంది. సోయా చెక్కలో మాంసకృత్తులు 45 శాతం దాకా ఉంటాయి. దాని ధర కిలో 45 రూపాయలనుకుంటే కిలో మాంసకృత్తులు 100 రూపాయలకే వస్తాయి. కాబట్టి మద్దతు ధర పలికే గింజను మార్కెట్‌కే పంపాలి. మేం మాట్లాడుతున్నది మద్దతు ధర దక్కని గింజ గురించి. అంటే రంగు మారినవి, ముక్కలైనవి, తాలు పోయి సన్నగా ఉన్నవి, పప్పు మిల్లులో మిగిలే నూక, చున్నీ. వీటికి తోడు గట్ల మీద, చెలకల్లో వేసుకునే ఉలవలు, బొబ్బర్లు, అనుములు.

మరి ఎంత ధర దాకా కొంటే దాణాకు గిట్టుబాటు? దీనికి ఒక తేలిక లెక్క ఉంది. మాంసకృత్తుల విషయంలో కిలో పప్పు గింజలు 640 గ్రాముల మొక్కజొన్నకు, 360 గ్రాముల సోయా చెక్కకు సమానం. మొక్కజొన్నలో మాంసకృత్తులు 9 శాతం, సోయా చెక్కలో 45 శాతం అనుకుంటే రెండూ కలిసి 22 శాతం అవుతాయి. మొక్కజొన్న 2025–26 మద్దతు ధర ప్రకారం కిలో 24 రూపాయలు, సోయా చెక్క 45 రూపాయలు అనుకుంటే ఆ మిశ్రమం ఖరీదు 31 రూపాయల 50 పైసలు. ఉడికించే ఖర్చు రెండు మూడు రూపాయలు తీసేయండి. కిలో 28 రూపాయల లోపు దొరికితే పంది సాకేవారికి లాభం, అంతకు మించితే నష్టం. మీ ఊళ్ళో ఆ వారం ఉన్న ధరలు పెట్టి మీరే లెక్క కట్టుకోవచ్చు. వ్యాపారి 20 రూపాయలకు అడిగిన గింజను పక్క వీధిలో 25కు అమ్ముకోగలిగితే రైతుకు ఆ అయిదు రూపాయలు, కిరాయి రెండూ మిగులుతాయి.

ఒకే కడుపున్న జీవి

ఆవుకు, గేదెకు నాలుగు అరల కడుపు. గట్టి మేతను నెమరువేసి అరిగించుకుంటాయి. పందికి మనలాగే ఒకటే కడుపు. అందులోనూ పంది పిల్ల పుట్టినప్పుడు తల్లి పాలు తప్ప ఇంకేదీ అరిగించుకోలేదు. గింజల్లోని పిండి పదార్థాన్ని, మాంసకృత్తులను అరిగించుకునే శక్తి వారం వారం కొద్దికొద్దిగా వస్తుంది. మన దగ్గర చిన్న పెంపకందార్లు ఎక్కువగా ఎనిమిది వారాలకు పాలు మాన్పిస్తారు. పిల్ల పెరుగుదలలో గడ్డుకాలం అదే. ఆ దశలో దాణాలో మాంసకృత్తులు 20 శాతం ఉండాలి. ఎదుగుతున్న కొద్దీ 18కి, చివరి దశలో 16కి తగ్గించవచ్చు.

పప్పు గింజల బలం లైసిన్. ఎదిగే పిల్లకు అన్నింటికన్నా ముందు కావలసిన అమైనో ఆమ్లం అదే. మొక్కజొన్నలో, నూకల్లో అది తక్కువ. పప్పు గింజల్లో లోటు మెథియోనిన్. అది తృణధాన్యాల్లో కొంత ఉంటుంది, నువ్వుల చెక్కలో బాగా ఉంటుంది. మనం అన్నంలో పప్పు కలుపుకుని తినేదీ ఇందుకే. ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. పంది పిల్ల దాణాకూ అదే సూత్రం వర్తిస్తుంది. ఒక్క పప్పు గింజలతోనే సాకాలనుకుంటే దెబ్బ తింటాం.

ఇంకో ముఖ్యమైన సంగతి. పచ్చి పప్పు గింజల్లో మాంసకృత్తులను అరగనివ్వని పదార్థాలుంటాయి. బొబ్బర్లలో, అనుముల్లో పేగులకు హాని చేసేవీ ఉంటాయి. పచ్చి సోయా గింజలు పెడితే పిల్లలకు విరేచనాలు పట్టుకుని బరువు పడిపోతుంది. వేడి చేస్తే వీటిలో చాలా వరకు విరిగిపోతాయి. ఈ సంగతి మన పెద్దలకు ఏ పుస్తకం చదవకుండానే తెలుసు. దుక్కిటెడ్లకు ఉలవలు నానబెట్టి గుగ్గిళ్ళు వండి పెట్టారే గాని పచ్చివి పోయలేదు. ఎద్దుకే ఉడికించి పెట్టినప్పుడు రెండు నెలల పంది పిల్లకు పచ్చివి ఎట్లా పెడతాం?

పద్ధతి ఇది. గింజలను రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళు పోసి వేలితో నొక్కితే మెదిగే దాకా ఉడికించాలి. వేడి తగ్గాక మెదిపి దాణాలో కలపాలి. ఏ పూటకు ఆ పూటే వండాలి, ఎందుకంటే ఎండాకాలంలో పొద్దున ఉడికించింది సాయంత్రానికి పులుస్తుంది. నిల్వ కావాలనుకుంటే ఉడికించి బాగా ఎండబెట్టి పిండి పట్టించుకోవాలి. సోయా గింజలైతే మాడకుండా దోరగా వేయించి పట్టించాలి.

మొదటి నాలుగు వారాలు పిల్లలకు పప్పు గింజల జోలికే పోవద్దు. పాలు మాన్పించాక మొదటి వారం దాణాలో 5 పాళ్ళు, రెండో వారం 10, ఆ తర్వాత 15 పాళ్ళ దాకా పెంచవచ్చు. విరేచనాలు కనబడితే వెంటనే తగ్గించాలి. ఉదాహరణకు వంద కిలోల దాణాకు మొక్కజొన్న 50, సోయా చెక్క 26, ఉడికించి ఎండబెట్టిన పప్పు గింజల పిండి 15, కొత్త తవుడు 6, ఖనిజ లవణ మిశ్రమం రెండున్నర, ఉప్పు అర కిలో. ఇందులో మాంసకృత్తులు 20 శాతం దాకా వస్తాయి. మీ పశువైద్యుడికి ఈ చీటీ చూపించి, మీ దగ్గర దొరికే సరుకును బట్టి మార్పించుకోండి.

గొప్పలు చెప్పదలచుకోలేదు. ఈ పద్ధతిలో వంద కిలోల దాణాలో ఆదా అయ్యే సోయా చెక్క అయిదారు కిలోలే. పిల్లల దశలో అంతకన్నా ఎక్కువ తగ్గించడం మంచిది కాదు. పెద్దయ్యే పందుల దాణాలో 20, 25 పాళ్ళ దాకా పప్పు గింజలు వేయవచ్చు, ఆదా అక్కడ పెరుగుతుంది. నాలుగు తల్లి పందులకు ఎనిమిదేసి పిల్లలు బతికాయనుకుందాం. 32 పిల్లలకు పాలు మాన్పించిన నాటి నుంచి మూడో నెల నిండే దాకా తలా 25 కిలోల దాణా లెక్కన 8 క్వింటాళ్ళు కావాలి. అందులో పప్పు గింజలు క్వింటా పైచిలుకు. ఆ తర్వాత అమ్మే దాకా తలా 200 కిలోల లెక్కన 64 క్వింటాళ్ళు, అందులో అయిదో వంతు వేస్తే దాదాపు 13 క్వింటాళ్ళు. ఊళ్ళో ముగ్గురు నలుగురు రైతుల గ్రేడు రాని గింజలను ఒక్క కుటుంబమే వాడుకోగలదు.

పెట్టకూడనివి

మనది పత్తి ప్రాంతం. పత్తి గింజల చెక్క చేతికందేంత దూరంలో ఉంటుంది. పాడి పశువులకు పెడుతున్నాం కదా, పందులకూ పెడదామనుకుంటే ప్రమాదం. పత్తి గింజల్లో గాసిపాల్ అనే విష పదార్థం ఉంటుంది. పెద్ద పశువు నెమరువేసే కడుపు దాన్ని చాలా వరకు తట్టుకుంటుంది. పంది తట్టుకోలేదు. గుండె దెబ్బతిని, ఆయాసపడి, ఒక్కోసారి ఉన్నట్టుండి చనిపోతుంది. పిల్లలకైతే పత్తి చెక్క అసలు వద్దు.

రెండోది బూజు. రంగు మారిన గింజ వేరు, బూజు పట్టిన గింజ వేరు. వానకు నల్లబడిన పెసర్లను వెంటనే ఎండబోస్తే దాణాకు పనికొస్తాయి. ముక్కవాసన వచ్చినా, ఉండలు కట్టినా, పచ్చగానో బూడిద రంగులోనో పొడి రాలినా వాటిలో అఫ్లటాక్సిన్ ఉండవచ్చు. ఆ విషం ఎంత ఉడికించినా పోదు. పంది పిల్లల కాలేయాన్ని ముందుగా దెబ్బతీసేది అదే. వేరుశనగ చెక్క విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. అట్లాంటి గింజలు పెంటకుప్పకే.

మూడోది హోటల్ తిండి. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మన దేశంలో మొదట 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో బయటపడింది. మనుషులకు సోకదు గాని పందుల మందలను తుడిచిపెడుతుంది. చికిత్స లేదు, మన దేశంలో వాడుకలో టీకా లేదు. ఉడకని పంది మాంసం ముక్కలున్న మిగులు తిండితో అది ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పాకుతుంది. హోటల్ తిండి పెట్టక తప్పని వాళ్ళు దాన్ని కనీసం అరగంట బాగా మరిగించే పెట్టాలి. పిల్లలకు పెట్టకపోవడమే మేలు. పప్పు గింజల దాణా వల్ల కలిగే అసలు లాభం మా దృష్టిలో ఇదే. ఏ ఊరి ఎంగిలో తెలియని తిండి మీద ఆధారపడడం తగ్గుతుంది.

వాళ్ళూ రైతులే

ఈ మాట మన సంఘంలో ఇంకా గట్టిగా వినబడాలి. వరి వేసినవారు రైతు, పాలు పోసినవారు రైతు, పందులను సాకేవారిని మాత్రం రైతుల్లో లెక్కపెట్టం. తరతరాలుగా ఈ పని చేస్తున్న ఎరుకల కుటుంబాలకు ఊరి చివర జాగా, ఊరందరి ఫిర్యాదులు తప్ప దక్కింది తక్కువ. పందులు వీధుల్లో తిరుగుతున్నాయని కోప్పడతాం. కట్టేసి సాకడానికి జాగా, షెడ్డు, దాణా ఎక్కడివని అడగం. వీధిలో వదిలితే దాణా ఖర్చు లేదు, దొడ్లో కట్టేస్తే ప్రతి ముద్దా కొనాలి. కాబట్టి ఊరి శుభ్రత సమస్య కూడా దాణా దగ్గరికే వచ్చి ఆగుతుంది.

2019 పశుగణన ప్రకారం దేశంలో పందులు 90 లక్షల 60 వేలు. 2012తో పోలిస్తే 12 శాతం తగ్గాయి. జాతీయ పశుసంపద మిషన్ కింద 100 ఆడ పందులు, 10 మగ పందుల యూనిట్‌కు 50 శాతం, గరిష్ఠంగా 30 లక్షల రూపాయల రాయితీ ఉంది. మంచిదే. కానీ నాలుగు పందులున్న ఇంటికి ఆ మెట్టు అందదు. మన రాష్ట్రంలో 2023లో ఎరుకల సాధికారత పథకం ప్రకటించారు. పథకాల విలువ ఉత్తర్వుల్లో తేలదు, దొడ్లోకి ఏం వచ్చిందన్న దానిలో తేలుతుంది.

ఇతర దేశాల్లో ఈ దారి కొత్త కాదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో లూపిన్ అనే పప్పు జాతి గింజలను పందుల దాణాలో మామూలుగా వాడతారు. యూరప్‌లో పిచ్చి ఆవు వ్యాధి తర్వాత 2001లో మాంసం, ఎముకల పొడిని పశువుల దాణాలో నిషేధించారు. అక్కడ దక్షిణ అమెరికా సోయా మీద ఆధారపడడం తగ్గించుకోవడానికి బఠాణీల వంటి పప్పు గింజల దాణా మీద పరిశోధనలు చేస్తూ వచ్చారు. వాళ్ళ గింజలు వాళ్ళ నేలకు సరిపోయాయి. మన నేలకు సరిపోయే గింజలు మనకున్నాయి, మన పరిశోధనే జరగాలి.

మేం కోరేది

ఒకటి, పరీక్ష. వరంగల్ మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. తిరుపతిలో పందుల మీద అఖిల భారత సమన్వయ పరిశోధనా పథకం కేంద్రం ఉంది. మన పెసర, కంది, ఉలవ గింజలను ఏ పాళ్ళలో, ఎట్లా ఉడికించి పెడితే పంది పిల్ల ఎంత బరువు పెరుగుతుందో మన ఊళ్ళల్లో, మన పెంపకందార్ల దొడ్లలో పరీక్షించి తెలుగులో ఒక్క పేజీ కరపత్రం ఇవ్వాలి. బూజు విషం పరీక్షను రైతులకు ఉచితంగా చేసిపెట్టాలి.

రెండు, మిల్లు. 2025 అక్టోబరులో కేంద్రం పప్పుల స్వావలంబన మిషన్ ప్రారంభించింది. 2030–31 దాకా 11,440 కోట్ల రూపాయల ఖర్చు, దేశమంతటా వెయ్యి ప్రాసెసింగ్ యూనిట్లు అని చెప్పింది. భూపాలపల్లి జిల్లాకు అందులో వాటా రావాలి, ఒకటి రేగొండ దరిదాపుల్లో రావాలి. గింజలను బస్తాల్లో బయటికి పంపితే పప్పుతో పాటు నూక, చున్నీ కూడా పోతాయి. మిల్లు ఇక్కడుంటే పప్పు పట్నానికి పోయినా చున్నీ మన పశువులకు మిగులుతుంది. చున్నీలో పీచు ఎక్కువ కాబట్టి పంది పిల్లలకు కొద్దిగానే పెట్టాలి, పెద్ద పందులకు, గేదెలకు బాగా పనికొస్తుంది.

మూడు, కొనుగోలు. వానకు రంగు మారిన గింజకు ప్రకృతి నష్టం కింద ప్రమాణాలు సడలించి కొనాలి. దానికీ నోచుకోని గింజలను దాణా గింజలుగా విడిగా తూకం వేసి, ధర కట్టి, సహకార సంఘం ద్వారా పెంపకందార్లకు అందించాలి.

మన చేతిలో ఉన్న పని కూడా ఉంది. పత్తిలో ఆరు సాళ్ళకు ఒక సాలు కంది వేసుకుందాం. పత్తి దెబ్బతిన్న ఏడు ఆ కందే ఇంటి ఖర్చుకు ఆదుకుంటుంది, రాలిన ఆకుతో నేలకూ బలం వస్తుంది. గట్ల మీద బొబ్బర్లు, అనుములు మళ్ళీ మొదలుపెడదాం. మార్కెట్ నుంచి తిరిగొచ్చిన బస్తాను మూలన పడేయకుండా ఆ రోజే ఎండబోద్దాం. ఊరి చివర పందులు సాకే కుటుంబాన్ని పిలిచి ధర మాట్లాడుకుందాం. సంఘం గ్రామ కమిటీలు వచ్చే సభ్యత్వ నమోదులో ఆ కుటుంబాల గడప కూడా తొక్కాలి, వారికీ రశీదు రాయాలి.

రైతు సోదరులారా, సోదరీమణులారా, మీ ఊళ్ళో ఈ పద్ధతి మొదలుపెడితే ఏ గింజ, ఎంతకు కొన్నారు, ఎన్ని పాళ్ళు వేశారు, పిల్లలు పాలు మాన్పించిన నాడు ఎంత బరువున్నాయి, మూడో నెల నిండాక ఎంత బరువున్నాయి అన్నవి ఒక కాగితం మీద రాసి మాకు పంపండి. నష్టపోతే ఆ సంగతీ రాయండి. అవన్నీ ఈ పత్రికలో అచ్చువేస్తాం. పరీక్ష కోసం పశువైద్య కళాశాల మెట్లెక్కిన రోజు మన చేతిలో ఉండాల్సిన కాగితాలు అవే.